ఆ ఏడేళ్లు ఎవరివి?

ప్రశ్న:

అక్కా, మాది నరసరావుపేట. మొన్న మే నెలలో మిస్సోరీలో ఎమ్మెస్ కంప్యూటర్ సైన్స్ పూర్తి చేశాను. ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పనిచేసే అనుమతి) మొదలై 47 రోజులైంది, ఇంకా ఉద్యోగం రాలేదు. అయిదారు వందల అప్లికేషన్లు పెట్టి ఉంటాను. ఇప్పుడు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మన తెలుగువాళ్ల చిన్న కన్సల్టెన్సీ ఒకటి తీసుకుంటామంటోంది. మొత్తం ఇరవై మంది కూడా ఉండరట. గెస్ట్‌హౌస్ ఫ్రీ, నాలుగు వారాలు జావా ట్రైనింగ్, ఆ తర్వాత మార్కెటింగ్. ప్రాజెక్టు వస్తే 70-30. రెజ్యూమెలో ఏడేళ్ల ఎక్స్‌పీరియన్స్ వాళ్లే పెడతారట. "అందరూ చేసేదే కదమ్మా" అన్నారు. 18 నెలలు ఉండాలి, మధ్యలో మానేస్తే 10,000 డాలర్లు కట్టాలని కాగితం కూడా పంపారు. నాన్నది ఎరువుల కొట్టు. ఇల్లు తాకట్టు పెట్టి 38 లక్షల లోన్ తీసుకున్నాం. మా వీధిలో ఒక ఆంటీ వాళ్లమ్మాయి ఇలాగే చేరి బాగా సంపాదిస్తోందని అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా చెప్తోంది. ఇలాంటి చిన్న కంపెనీలో పని నిజంగా ఎలా ఉంటుంది? చేరమంటారా?

– ఒక చెల్లి, మిస్సోరీ

జవాబు:

చెల్లీ, నీ ఉత్తరంలో ఇర్వింగ్ తీసేసి న్యూజెర్సీ అని పెడితే, అది 2011లో నేను రాయాల్సిన ఉత్తరం. అప్పుడు అడగడానికి నాకెవరూ దొరకలేదు. దొరికినవాళ్లందరూ అదే గెస్ట్‌హౌస్‌లో నా పక్కన పడుకున్నవాళ్లే. అందుకని కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

చేరాలా వద్దా అన్నది ముందే చెప్పేస్తాను. కంపెనీ చిన్నదని భయపడకు. నేను రెండు చిన్న కంపెనీల్లో పనిచేశాను. ఒకదాంట్లో ఏడ్చాను, ఒకదాంట్లో పని నేర్చుకున్నాను. రెండింటికీ తేడా సైజులో లేదు. ఆ ఏడేళ్లు రెజ్యూమెలో పెట్టేటట్టయితే ఎంత మంచివాళ్లలా కనిపించినా చేరొద్దు. నీ రెజ్యూమె నీదిగానే ఉంచి, కాగితాలన్నీ సరిగ్గా చూపిస్తే, ఇరవై మంది ఉన్నా పదిమంది ఉన్నా నిశ్చింతగా చేరు. ఆ 10,000 డాలర్ల బాండ్ చూసి నువ్వు ఎక్కువ భయపడుతున్నట్టున్నావు. బాండ్ నుంచి బయటపడటానికి దారులుంటాయి. ఆ ఏడేళ్ల నుంచి బయటపడటమే చాలా కష్టం. అదెలాగో నా అనుభవమే చెబుతాను.

ముందు వాళ్ల వ్యాపారం ఏమిటో తెలుసుకో. ఆ కంపెనీకి సొంత సాఫ్ట్‌వేర్ ఏదీ ఉండదు. వాళ్లు అమ్మేది నీ గంటలు. ఉదాహరణకి ఒక బ్యాంకుకి జావా మనిషి కావాలి. బ్యాంకు గంటకి 75 డాలర్లు ప్రైమ్ వెండర్‌కి, అంటే దానికి నేరుగా మనుషుల్ని సరఫరా చేసే మధ్యవర్తికి ఇస్తుంది. వెండర్ తన వాటా తీసుకుని 60 డాలర్లు నీ కన్సల్టెన్సీకి ఇస్తాడు. 70-30 అంటే ఆ అరవైలో నీకు 42. మధ్యలో ఇంకో వెండర్ దూరితే ఆ అరవై కూడా యాభై అవుతుంది. కొందరు ఎంప్లాయర్ కట్టాల్సిన పేరోల్ ట్యాక్స్ కూడా నీ డెబ్బై శాతంలోంచే తీసేస్తారు. కాబట్టి ఎంత శాతం అని అడిగితే సరిపోదు. ఎంత మీద శాతం, దాంట్లోంచి ఏమేం తీస్తారు, వెండర్‌తో రాసుకున్న రేటు నాకు చూపిస్తారా అని అడగాలి. చూపించనంటే ఆ డెబ్బైకి అర్థం లేదు.

ఇక మార్కెటింగ్. నీ పేరు, టెక్నాలజీ, వీసా, ఎన్నేళ్ల అనుభవం అన్నీ ఒక హాట్‌లిస్ట్‌లో పెట్టి రోజూ వందలమంది వెండర్లకి పంపుతారు. ఆ పంపే అబ్బాయి చాలావరకు హైదరాబాద్‌లో, కూకట్‌పల్లిలోనో మాదాపూర్‌లోనో నైట్ షిఫ్ట్‌లో ఉంటాడు. అతనికీ రోజుకిన్ని సబ్మిషన్లని టార్గెట్ ఉంటుంది, పాపం. ఓపీటీ మీదున్న ఫ్రెషర్‌ని అమ్మడం కష్టం, ఏడేళ్ల సీనియర్‌ని అమ్మడం తేలిక. ఆ ఏడేళ్లు పుట్టేది అక్కడే. అది నీ కెరీర్ కోసం కాదు, వాళ్ల అమ్మకం తేలికవడం కోసం.

నేను 2011 ఫిబ్రవరిలో న్యూజెర్సీ గెస్ట్‌హౌస్‌కి వెళ్లాను. రెండు బెడ్‌రూములు, ఏడుగురు మనుషులు. ఆడపిల్లలం ముగ్గురం ఒక గదిలో, రెండు ఎయిర్ బెడ్లు. ఫ్రిజ్ తలుపు మీద మాగ్నెట్లతో ఇంటర్వ్యూ ప్రశ్నలు, వాటి కింద జవాబులు. పప్పు పోపు వేస్తూ పైకి చదువుకునేవాళ్లం. ఫోన్ ఇంటర్వ్యూ వచ్చిందంటే హాల్లో ట్రైనింగ్ నడుస్తుంటుంది, గదిలో ఇంకొకరి కాల్. నిశ్శబ్దంగా ఉండేది ఒక్క కోట్లు తగిలించే అల్మరానే. దాంట్లో దూరి, తలుపు వేసుకుని, ఫోన్ టార్చి వెలుగులో రెజ్యూమె చూసుకుంటూ మాట్లాడేదాన్ని. నా రెజ్యూమెలో నేను ఎన్నడూ చూడని ఒక బ్యాంకు ఉంది. అందులో నేను మూడేళ్లు పనిచేశానట. ఆ బ్యాంకు ఏ ఊళ్లో ఉందో మొదటి ఇంటర్వ్యూకి ముందు మ్యాప్‌లో వెతుక్కున్నాను.

మూడు నెలలకి ప్రాజెక్టు వచ్చింది. కనెటికట్‌లో హార్ట్‌ఫర్డ్, ఇన్సూరెన్స్ కంపెనీల ఊరు. ఇంట్లో అందరం సంబరపడ్డాం. పని నాకు రాకపోలేదు, రాత్రుళ్లు కూర్చుని నేర్చుకున్నాను. కష్టమంతా మధ్యాహ్నం పన్నెండింటికి మొదలయ్యేది. టీమ్ అందరూ లంచ్ రూమ్‌లో ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్లు. మా లీడ్ పెద్దావిడ, చాలా మంచిది. నేను పనిచేశానని చెప్పిన బ్యాంకులో ఆవిడ తోడికోడలు పనిచేసిందట. "నువ్వు ఏ బిల్డింగ్‌లో ఉండేదానివి?" అని ప్రేమగానే అడిగింది. ఏదో చెప్పాను. ఆ మర్నాటి నుంచి టిఫిన్ బాక్స్ తీసుకుని పార్కింగ్‌లోకి వెళ్లిపోయేదాన్ని. కార్లో హీటర్ వేసుకుని పెరుగన్నం తిని వచ్చేదాన్ని. ఎనిమిది నెలలు అలాగే తిన్నాను. నా గురించి వాళ్లు ఈ పిల్ల ఎవరితోనూ కలవదు అనుకుని ఉంటారు. నాకేమో వాళ్లతో కలవాలని ప్రాణం కొట్టుకునేది.

ఇది మనసుకి సంబంధించిన బాధ అనుకుంటావేమో, జీతం దగ్గరా ఇదే అడ్డొచ్చింది. నాకు 2011 అక్టోబరు నుంచి హెచ్-1బి, అంటే ఉద్యోగ వీసా. ఆ ఏడాది వీసాల కోటా నవంబరు దాకా నిండలేదు, లాటరీ లేదు. 2012 వేసవిలో ప్రాజెక్టు ఉన్నట్టుండి అయిపోయింది. శుక్రవారం చెప్పారు, సోమవారం నుంచి రావద్దన్నారు. పదకొండు వారాలు బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా ఉన్నాను, పైసా ఇవ్వలేదు. ఓనర్‌ని అడిగితే, "ప్రాజెక్టు లేనప్పుడు జీతం ఎక్కడి నుంచి తేనమ్మా?" అన్నాడు. హెచ్-1బి మీదున్న మనిషికి, పని ఇవ్వలేకపోవడం ఎంప్లాయర్ వల్ల అయితే, జీతం ఆపకూడదని ఇక్కడి చట్టం స్పష్టంగా చెబుతుంది. ఎల్‌సీఏలో (ఈ వీసా కోసం ఎంప్లాయర్ కార్మిక శాఖకి ఇచ్చే కాగితంలో) రాసిన జీతం ఇచ్చి తీరాలి. ఆ మాట పట్టుకుని మళ్లీ అడిగాను. అప్పుడన్నాడు: "నీ ఎక్స్‌పీరియన్స్ సంగతి ఆ హార్ట్‌ఫర్డ్ వాళ్లకి తెలిస్తే ఏమవుతుందో ఆలోచించావా?"

ఆ ఏడేళ్లు వద్దని ఇంత గట్టిగా చెబుతున్నది అందుకే. అబద్ధం పెట్టింది అతను, పెట్టించుకున్నది నేను. బయటపడితే అతనికి ఒక క్లయింట్ పోతాడు, నాకైతే అంతా పోతుంది. ఆ లెక్క అతనికి మొదటి రోజు నుంచీ తెలుసు. కార్మిక శాఖలో వేజ్ అండ్ అవర్ డివిజన్ అని ఉంది, డబ్ల్యూహెచ్-4 అనే ఫారం నింపి ఫిర్యాదు చేయొచ్చు, డబ్బేమీ కట్టనక్కర్లేదు. తప్పు జరిగిన 12 నెలల లోపు చేయాలి. నేను ఆ ఫారం దించుకుని, పేరు దగ్గర ఆగిపోయాను. ఆ 12 నెలలూ అలాగే దాటిపోయాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. అతన్ని నేను "అన్నా" అని పిలిచేదాన్ని. వాళ్లింట్లో ఉగాది పచ్చడి తిన్నాను. వాళ్లావిడ నాకు చలికోటు కొనిచ్చింది. అన్నా అని పిలిచిన నోటితో జీతం అడగడానికి నాకు నోరు పెగిలేది కాదు. నిన్ను కూడా "మా చెల్లెలు లాంటిదానివి" అనే ఉంటారు. ఆ అభిమానం నిజమే కావచ్చు, నేను కాదనను. కానీ వరసలు పండగలకి ఉంచుకుని, జీతం, రేటు, సెలవులు, అన్నీ ఈమెయిల్‌లో మాట్లాడు. "అన్నా, ఫోన్‌లో అనుకున్నవి గుర్తు కోసం రాస్తున్నాను" అని పంపిస్తే తప్పేమీ లేదు.

ఇక రెండో కంపెనీ గురించి. ఇది కూడా నీకు తెలియాలి, లేకపోతే చిన్న కంపెనీలన్నీ ఇంతే అనుకుంటావు. ఒహాయోలో కొలంబస్. భార్యాభర్తలిద్దరు నడిపేవాళ్లు, తెలుగువాళ్లే, మొత్తం పద్నాలుగు మందిమి. ఆయన క్లయింట్ల దగ్గర తిరిగేవాడు, ఆవిడ పేరోల్, వీసా కాగితాలు చూసేది. ఫోన్‌లో నా సంగతంతా దాచకుండా చెప్పేశాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నిజంగా చేసింది ఎంత?" అంది. ఏడాదికి కాస్త ఎక్కువన్నాను. "అయితే అంతే పెడదాం. రేటు తక్కువొస్తుంది, ఆలస్యమవుతుంది, నీకు సరేనా?" అంది.

నిజంగానే ఆలస్యమైంది. ముందు వీసా దగ్గరే చిక్కు. పదకొండు వారాల పే స్టబ్‌లు (జీతం చీటీలు) లేవు కాబట్టి కొత్త కంపెనీ వేసిన పిటిషన్ అప్రూవ్ అయినా, దేశం బయటికి వెళ్లి పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ చేయించుకుని రమ్మన్నారు. హైదరాబాద్ వచ్చాను. అప్పట్లో కాన్సులేట్ బేగంపేటలో పైగా ప్యాలెస్‌లో ఉండేది. కిటికీ అవతల ఆఫీసరు, "అమెరికాలో మొత్తం ఎంతకాలం పనిచేశావు, ఎక్కడెక్కడ?" అని అడిగాడు. నా చేతిలో ఉన్న కాగితాల్లో నిజమే ఉంది. అదే చెప్పాను. చెమటలు పట్టాయి కానీ మాట తడబడలేదు. పాత రెజ్యూమెతో ఆ కిటికీ ముందు నిలబడి ఉంటే ఏం చెప్పేదాన్నో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడే. క్లయింట్‌తో చెప్పిన అబద్ధం వేరు, ప్రభుత్వానికి చెప్పిన అబద్ధం వేరు. వీసా కోసమో గ్రీన్ కార్డు కోసమో తెలిసి అబద్ధం చెబితే ఈ దేశంలోకి రాకుండా జీవితాంతం నిషేధం పడొచ్చు. రెజ్యూమెలోది రెజ్యూమెలోనే ఉండిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకు. అది హెచ్-1బి పిటిషన్‌కి జతవుతుంది, లింక్డిన్‌కి ఎక్కుతుంది, రేపు గ్రీన్ కార్డుకి ఎక్స్‌పీరియన్స్ లెటర్లు అడిగినప్పుడు ఎదురొస్తుంది. 2019 నుంచి వీసా ఫారంలో సోషల్ మీడియా ఖాతాలు కూడా అడుగుతున్నారు, ఆ జాబితాలో లింక్డిన్ ఉంది.

తిరిగొచ్చాక ప్రాజెక్టుకి తొమ్మిది వారాలు పట్టింది. ఆ తొమ్మిది వారాలూ పదిహేనో తారీఖున ఒకసారి, నెలాఖరున ఒకసారి జీతం పడింది. మొదటి జీతం పడినప్పుడు పొరపాటున వేశారేమోనని ఆవిడకి ఫోన్ చేశాను. "బెంచ్ మీద ఉంటే తినొద్దా?" అంది. ఆ మాట విని ఫోన్ పెట్టేశాక ఏడ్చాను.

మంచి చిన్న కంపెనీలో పని ఎలా ఉంటుందని అడిగావు కదా, అదీ చెబుతాను. హెచ్‌ఆర్ అంటూ వేరే ఉండదు, సెలవు కావాలన్నా ఇన్సూరెన్స్ కార్డు రాకపోయినా ఫోన్ చేసేది ఓనర్‌కే. క్లయింట్ ఆఫీసులో నువ్వు బయటిదానివే. నీ బ్యాడ్జి రంగు వేరు, వాళ్ల క్రిస్మస్ పార్టీకి పిలుపు ఉంటుందో ఉండదో తెలియదు, గంటలు నింపకపోతే డబ్బు రాదు. థాంక్స్‌గివింగ్ సెలవు వాళ్లకి జీతంతో, చాలాచోట్ల నీకు జీతం లేకుండా. కాంట్రాక్టు ఆరు నెలలది, ఆ తర్వాత పొడిగిస్తారా లేదా అన్నది చివరి వారం దాకా తేలదు. రెండు సూట్‌కేసులు, ఒక రైస్ కుక్కర్ ఎప్పుడూ సర్దుకుని ఉండాల్సిందే. ఊరు మారినప్పుడల్లా స్నేహితులు మొదటి నుంచి మొదలు. ఒంటరితనం చాలా ఉంటుంది. అది మాత్రం మంచి కంపెనీ అయినా తప్పలేదు నాకు.

కానీ నాలుగేళ్లలో మూడు క్లయింట్ల దగ్గర పనిచేశాను. ఒక రాష్ట్ర ప్రభుత్వ శాఖ, ఒక ఆసుపత్రుల చైన్, ఒక సరుకు రవాణా కంపెనీ. పెద్ద కంపెనీలో నా వయసువాళ్లు ఒకే స్క్రీన్‌ని నాలుగేళ్లు సరిచేస్తుంటే, నేను డేటాబేస్ నుంచి క్లయింట్ మీటింగ్ దాకా అన్నీ చూశాను. ప్రపోజల్ రాసేటప్పుడు ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఎంతకి కోట్ చేయాలి, ఎక్కడ తగ్గకూడదు, క్లయింట్ అడిగింది అవసరమా సరదానా అన్నది ఎలా కనిపెట్టాలి, ఇవన్నీ ఆ ఆఫీసులోనే నేర్చుకున్నాను. ఇప్పుడు నేను ఒక కంపెనీలో మనుషుల్ని తీసుకునే వైపు కూర్చుంటున్నాను. ఏడేళ్లు అని రాసుకుని వచ్చిన పిల్లలు రెండో ప్రశ్నకే దొరికిపోతారు. వాళ్లని పంపించేసేటప్పుడు నాకు కోపం రాదు, ఆ అల్మరా గుర్తొస్తుంది.

ఇప్పుడు నీ కాగితాల సంగతి. ఓపీటీలో మొత్తం 90 రోజుల దాకానే నిరుద్యోగం. 47 పోయాయి, 43 ఉన్నాయి. ఈ భయం వాళ్లకీ తెలుసు. అందుకే కొందరు, "పని లేకపోయినా ఆఫర్ లెటర్ ఇస్తాం, సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డులో) మా పేరు ఎక్కించుకో, గడియారం ఆగిపోతుంది" అంటారు. అది మాత్రం వద్దే వద్దు. 2020 అక్టోబరులో ఇక్కడి ఇమ్మిగ్రేషన్ పోలీసులు 'ఆపరేషన్ ఆప్టికల్ ఇల్యూజన్' అని పేరు పెట్టి, లేని కంపెనీల్లో పనిచేస్తున్నామని చూపించుకున్న 15 మంది విద్యార్థుల్ని అరెస్టు చేశారు. వాళ్లలో 11 మంది మన దేశం వాళ్లు. నీ ఓపీటీ నిలబడేది నీ చదువుకి సంబంధించిన పని, వారానికి కనీసం 20 గంటలు, నిజంగా చేస్తేనే. గెస్ట్‌హౌస్‌లో కూర్చుని ట్రైనింగ్ వీడియోలు చూడటం ఉద్యోగమని ఎక్కించుకునే ముందు నీ యూనివర్సిటీ డీఎస్‌ఓని, అంటే విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని అడుగు. వాళ్లు చెప్పేదే లెక్క, గెస్ట్‌హౌస్ సీనియర్లు చెప్పేది కాదు.

తర్వాత నీకు స్టెమ్ ఓపీటీ, అంటే సైన్స్, టెక్నాలజీ లాంటివి చదివినవాళ్లకి ఇచ్చే 24 నెలల పొడిగింపు కావాలి. దానికి ఎంప్లాయర్ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతి సరిచూసే ప్రభుత్వ వ్యవస్థలో) ఉండాలి. ఐ-983 అనే ట్రైనింగ్ ప్లాన్ మీద సంతకం పెట్టాలి, ఆ ట్రైనింగ్ వాళ్లే ఇవ్వాలి, జీతం ఇవ్వాలి. నిన్ను ఎక్కడో క్లయింట్ దగ్గర వదిలేసి నెలనెలా కమీషన్ తీసుకునే కంపెనీకి ఆ ప్లాన్ నిజాయితీగా రాయడం కష్టం. ఈ-వెరిఫైలో ఉన్నారో లేదో ఈ-వెరిఫై వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొడితే తెలిసిపోతుంది. ఆ కంపెనీ ఎన్ని హెచ్-1బిలు వేసిందో, ఎన్ని ఆమోదం పొందాయో ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ వాళ్ల ఎంప్లాయర్ డేటా హబ్‌లో కనిపిస్తుంది. తప్పులు చేసి నిషేధం పడిన ఎంప్లాయర్ల జాబితా కార్మిక శాఖ సైట్‌లో ఉంటుంది. ఈ మూడూ చూడటానికి ఒక సాయంత్రం చాలు.

"మా రెండు మూడు కంపెనీల నుంచి హెచ్-1బి లాటరీ వేయిస్తాం" అని కూడా అనొచ్చు. 2024 మార్చి నుంచి లాటరీ మనిషి లెక్కన తీస్తున్నారు. ఎన్ని కంపెనీలు వేసినా దానివల్ల నీ అవకాశం పెరగదు. ఇంకా ఆ మాట చెబుతున్నారంటే వాళ్లకి నియమాలైనా తెలియవు, నీకు తెలియవని అయినా అనుకుంటున్నారు. హెచ్-1బి ఖర్చు నీ దగ్గర అడిగితే అదీ గుర్తు పెట్టుకో, పిటిషన్ ఖర్చు ఎంప్లాయర్‌ది.

చిన్నదే అయినా డబ్బుకి సంబంధించింది ఒకటి. నువ్వు ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వచ్చి అయిదేళ్లు కాలేదు కాబట్టి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7.65 శాతం నీ జీతంలో కోయకూడదు. చిన్న కంపెనీల్లో పేరోల్ చూసేవాళ్లు ఇది తెలియక కోసేస్తుంటారు. మొదటి పే స్టబ్ వచ్చిన రోజే చూసుకో.

బాండ్ గురించి. హెచ్-1బి మీదున్నప్పుడు ముందే మానేసినందుకు జరిమానా వసూలు చేయడం చట్టవిరుద్ధం. నువ్వు ఓపీటీ మీద సంతకం పెడితే ఆ కాగితాన్ని రాష్ట్ర చట్టం ప్రకారం చూస్తారు. కాబట్టి పెట్టే ముందు లాయరుకి చూపించాలి. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకి ఉచితంగా చూసిపెట్టే లాయర్లుంటారు, మీ దాంట్లో ఉన్నారేమో కనుక్కో. పాస్‌పోర్టు గానీ డిగ్రీ ఒరిజినల్స్ గానీ ఎవరి చేతికీ ఇవ్వకు. గెస్ట్‌హౌస్‌కి వెళ్లాల్సి వస్తే ఆడపిల్లలకి వేరే గది ఉందా, తాళం చెవులు ఎవరెవరి దగ్గర ఉంటాయి అని ముందే అడుగు. మొహమాటపడకు.

వాళ్లకి ఈమెయిల్ ఇలా రాయి: "నా రెజ్యూమెలో నేను చేసిన ప్రాజెక్టులు, ఇంటర్న్‌షిప్ మాత్రమే ఉండాలి. దాంతో మార్కెటింగ్ చేయగలరా? ట్రైనింగ్ మొదటి రోజు నుంచి జీతం ఎంత? బెంచ్ మీద ఉంటే ఎంత? ఐ-983లో నా ట్రైనింగ్ ఎవరు చూస్తారు?" జవాబు రాతలో వస్తే చదువు. ఫోన్ చేసి "ఇవన్నీ రాసేవి కాదమ్మా" అంటే నీకు జవాబు వచ్చినట్టే.

వాళ్లు కాదంటే మిగిలిన 43 రోజులు ఎలా అన్నది అసలు టెన్షన్. మీ ప్రొఫెసర్లలో ఎవరి ల్యాబ్‌లోనైనా, ఏదైనా స్వచ్ఛంద సంస్థలో నీ చదువుకి సంబంధించిన పనిలోనైనా వారానికి 20 గంటలకి తగ్గకుండా వాలంటీర్‌గా చేయొచ్చు. మొదటి ఏడాది ఓపీటీలో, లేబర్ చట్టాలకి లోబడి చేస్తే, అది లెక్కలోకి వస్తుంది. స్టెమ్ పొడిగింపులో మాత్రం జీతం లేని పని చెల్లదు. జీతం లేకుండా ఎలా అంటావు. తెలుసు. కానీ అది 43 రోజుల్ని ఆపుతుంది, నిజమైన పని ఒకటి రెజ్యూమెలో చేరుతుంది. ఈలోగా అప్లికేషన్లు పెద్ద పేర్లకే కాకుండా కౌంటీ ఆఫీసులకి, ఆసుపత్రులకి, స్కూల్ డిస్ట్రిక్టులకి, మీ ఊళ్లో ఉన్న చిన్న ఐటీ కంపెనీలకి పంపు. అయిదు వందలు పంపావు కదా, వాటిలో మనిషితో మాట్లాడినవి ఎన్ని? యాభై మందికి ఫోన్ చేయి. నాకు కొలంబస్ కంపెనీ దొరికింది అలాగే, కాలేజీ సీనియర్ ఒకతనికి సిగ్గు విడిచి ఫోన్ చేస్తే.

నాన్నగారికి ఈ వారమే ఫోన్ చేసి నిజం చెప్పు. ఎరువుల కొట్టు నడిపే మనిషికి అప్పు తెలుసు, సీజన్ తెలుసు, పంట అయ్యాక ఇస్తానన్న మాటని నమ్మడం తెలుసు. ఆరు నెలలు ఆలస్యమవుతుందంటే నువ్వు అనుకున్నంతగా కుంగిపోరు. బ్యాంకు మారటోరియం ఇంకా ఎన్ని నెలలుందో, కొన్నాళ్లు వడ్డీ మాత్రమే కట్టే వీలుందో ఆయన్నే కనుక్కోమను. నేను మా నాన్నకి 11 వారాలు జీతం పడుతోందనే చెప్పాను. ఫ్రెండ్ దగ్గర అప్పు చేసి ఇంటికి పంపాను. అది తెలిసినప్పుడు ఆయన అప్పు గురించి ఒక్క మాట అనలేదు. "నాకెందుకు చెప్పలేదు?" అని మాత్రం రెండేళ్లు అడిగారు.

ఈ జవాబు నీ చేతికొచ్చేసరికి యాభయ్యో రోజు అవుతుందేమో. ప్రొఫెసర్‌కి, డీఎస్‌ఓకి మెయిళ్లు ఈ రాత్రికే పెట్టేయ్. మీ వీధి ఆంటీ వాళ్లమ్మాయి నంబరు కూడా అమ్మ దగ్గర తీసుకుని ఒకసారి మాట్లాడు. జీతం ఎంతని అడగకు, అది ఎలాగూ మీ వీధంతా తెలుసు. మధ్యాహ్నం అన్నం ఎవరితో కలిసి తింటావని అడుగు.